విరిగే ముందు పలికేవి



రేడియోలో మాట్లాడేవాడి చేతిలో ఉండేది చప్పుడు ఒక్కటే. బొమ్మ చూపించలేను, పలక మీద గీత గీయలేను. అందుకని ఇవాళ చప్పుళ్ల గురించే మాట్లాడదామనుకున్నాను. పాటలూ పద్యాలూ కావు. చెక్క చేసే చప్పుడు, ఇనుము చేసే చప్పుడు, బొగ్గు బాయి పైకప్పు చేసే చప్పుడు, వరదలో ప్రాజెక్టు చేసే చప్పుడు. ఎండకు, చలికి, తేమకు, బరువుకు ప్రతి వస్తువూ మారుతుంది. మారేటప్పుడు చాలాసార్లు నోరు తెరిచి ఏదో ఒకటి అంటుంది. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఆ మాట విన్నవాళ్లు ఎవరు, ఎలా విన్నారు అన్నదే ఇవాళ్టి ముచ్చట.

ఎడ్లబండితో మొదలుపెడతాను. మా చిన్నప్పుడు ఎండాకాలం సగంలోకి వచ్చేసరికి ఊళ్లో బండ్లన్నీ లొడలొడమనేవి. మధ్యాహ్నం పూట ఇంట్లో పడుకుని కళ్లు మూసుకున్నా సరే, వీధిలో పోతున్నది ఎవరి బండో ఆ లొడలొడను బట్టి చెప్పగలిగేవాళ్లం. చక్రంలో చెక్క ఎండకు ఆరి కుంచించుకుపోతుంది. దాని చుట్టూ ఉన్న ఇనుప పట్టా అదే ఎండకు వేడెక్కి సాగుతుంది. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. నడుమ సందు పడుతుంది. ఆ సందే చప్పుడు చేస్తుంది. దానికి మందు ఏమిటంటే, చక్రాలు ఊడదీసి రాత్రంతా చెరువులో వేయడం. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, పట్టా మళ్లీ బిగుస్తుంది. తెల్లారి బండి కడితే చప్పుడు లేదు.

అసలు ఆ పట్టా ఎక్కించడమే చూడవలసిన పని. చక్రం చుట్టుకొలత కన్నా కాస్త చిన్నదిగానే పట్టా చేస్తారు. చుట్టూ పిడకలు పేర్చి, ఎర్రబడేదాకా కాలుస్తారు. కాలితే ఓ వేలెడు సాగుతుంది. నలుగురు పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద వేసి, సుత్తెలతో దిగగొట్టి, చెక్క అంటుకునేలోపు బిందెలతో నీళ్లు గుమ్మరిస్తారు. సుయ్‌మని పొగ. ఆ వెంటనే లోపలి చెక్కలన్నీ కిర్రుకిర్రుమంటూ ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. కమ్మరాయన ఆ కిర్రు కోసం చెవి పెట్టేవాడు. అది వినపడకపోతే పట్టా పెద్దదైందన్నమాట, మళ్లీ తీయాల్సిందే. ఇనుము వేడికి సాగుతుందన్న సూత్రం నాకు స్కూల్లో చెప్పకముందే పిడకల మంట దగ్గర తెలిసింది.

అదే సూత్రం మన రెండు పాత జిల్లాల నడుమ నుంచి రోజూ వేల టన్నులు మోస్తూ పోతోంది. కాజీపేట – బల్లార్షా రైలు దారి. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్. నిజాం కాలంలో, 1929లో ఈ దారి పూర్తయ్యాకనే ఢిల్లీ నుంచి మద్రాసుకు నేరుగా తోవ దొరికింది. రైలు పట్టాలను బాగా ఏడిపించే వాతావరణం మనది. చలికాలం తెల్లవారుజామున ఆదిలాబాద్ అడవి వైపు పది డిగ్రీల కిందికి పోతుంది. మే నెలలో రామగుండంలో నలభై అయిదు దాటుతుంది. అది గాలి లెక్క. ఎండలో పడి ఉన్న పట్టా గాలి కన్నా ఇంకో పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువే కాలుతుంది.

ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు మిల్లీమీటరులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ పెరుగుతుంది. వింటే నవ్వొచ్చేంత చిన్న లెక్క. కాని కిలోమీటరు పట్టా తీసుకుని నలభై డిగ్రీల తేడా వేయండి. 46 సెంటీమీటర్లు. అంటే మూరెడు. ఈ మూరను కాస్త గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

పాత రోజుల్లో పట్టా ముక్కల నడుమ సందు వదిలి ఫిష్ ప్లేట్లతో కలిపేవాళ్లు. ఆ మూర అంతా ఆ సందుల్లో సర్దుకునేది. రైలెక్కితే వినిపించే టకటక, టకటక ఆ సందులదే. ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల కొద్దీ ఒకటిగా అతికేశారు. టకటక పోయింది. మరి మూరెడు పెరుగుదల ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. స్లీపర్లూ, కింది కంకరా దాన్ని కదలనివ్వకుండా అదిమిపట్టి ఉంచాయి. ఆ పెరుగుదల పట్టా లోపలే బలంగా మారి నక్కి ఉంటుంది. చివర్లలో మాత్రం కొంత మేర కదలనిస్తారు. ఆ మేరకు ఇంజనీర్లు పెట్టిన పేరు బ్రీతింగ్ లెంగ్త్, అంటే పట్టా ఊపిరి తీసుకునే భాగం. ఇంజనీర్లు కూడా ఒక్కోసారి మంచి పేర్లు పెడతారు.

మే నెల మిట్టమధ్యాహ్నం కంకర వదులుగా ఉన్న చోట ఆ నక్కిన బలం పక్కకు తన్నిందంటే పట్టా పాములా మెలి తిరుగుతుంది. అందుకే పట్టా ఓ హద్దు దాటి వేడెక్కితే కంకర కదిలించే పనులు ఆపేస్తారు. చలికాలం రాత్రి కథ తిరగబడుతుంది. కుంచించుకుపోవాలని చూసే పట్టా అతుకు దగ్గర పుటుక్కుమంటుంది. ఈ రెంటికీ కాపలా కీమ్యాన్. భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండా. మొన్నొక సాయంత్రం పెద్దపల్లి దాటాక ఆగిన బండిలోంచి ఒకాయన్ని చూశాను. నడుస్తూ వదులైన క్లిప్పును ఒక దెబ్బ వేసి, ఆగి, వినేవాడు. ఖంగుమంటే ముందుకు. కొంచెం బొంగురుపోతే వంగి చూసేవాడు. డాక్టరు ఛాతీ మీద వేలితో కొట్టి వినేదీ ఇదే కదా అనిపించింది.

ఇక బొగ్గు బాయి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మా మేనమామ బెల్లంపల్లిలో టింబర్‌మెన్‌గా చేసి రిటైరయ్యాడు. బాయి లోపల పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే పని. చిన్నప్పుడు ఆయన్ని అడిగాను, ఇనుప స్తంభం పెడితే గట్టిగా ఉంటుంది గదా, కర్ర ఎందుకు అని. "గట్టిదనం కాదు అల్లుడా, కర్ర చెప్పి విరుగుతది. ఇనుము చెప్పది," అన్నాడు.

ఆ ఒక్క మాటలో చాలా ఉంది. దుంగను నిలువుగా పెట్టి, తల మీద ఓ చెక్క ముక్క వేసి, మేకు చెక్కలతో పైకప్పుకు బిగిస్తారు. పైనున్న బండ బరువు దిగడం మొదలైతే ముందు తల మీది ముక్క నలుగుతుంది. అది చప్పుడు చేయదు, కంటికి కనిపిస్తుంది. తర్వాత దుంగలోని పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. సన్నగా చిటపట, ఎండుపుల్లలు విరిచినట్టు. అప్పటికీ దుంగ నిలబడే ఉంటుంది. పక్కదుంగ అందుకుంటుంది, దాని పక్కది అందుకుంటుంది. బరువు ఎటు నుంచి ఎటు నడుస్తోందో చీకట్లో చెవితోనే తెలిసిపోతుంది. అప్పుడు పని చూసే సర్దార్ నోటి నుంచి వచ్చే మాట, "రూఫ్ మాట్లాడుతున్నది, నడువుండ్రి." క్యాప్ ల్యాంపులన్నీ ఒకేసారి అటు తిరుగుతాయి. తట్టలు, చెమ్మస్ పారలు ఎక్కడివక్కడే.

బొగ్గు స్తంభాలను కూడా తీసేసి వెనక్కి వచ్చే పని ఒకటుంటుంది. అక్కడ పైకప్పు కూలాలి. కూలకపోతేనే ప్రమాదం, ఎందుకంటే వేలాడే బండ బరువంతా పనిచేసే మనిషి నెత్తి మీదికి వస్తుంది. కూలవలసినది సమయానికి కూలడం, మనిషి దానికి ముందు బయటికి రావడం. ఈ రెంటి మధ్య ఉన్న కొద్ది నిమిషాలను కొలిచే గడియారం కర్రదుంగ.

పైకప్పును పరీక్షించడానికి ఇంకో పద్ధతి రాడ్డుతో కొట్టి వినడం. బండ పైదానితో అతుక్కుని ఉంటే ఖంగున మోగుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే డప్పు తడిసినట్టు డబ్బుమంటుంది. ఒక చేత్తో కొడుతూ ఇంకో అరచేయి బండకు ఆనిస్తారు, చెవికి అందని వణుకు చేతికి తెలుస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడికి ఇది పుస్తకంలో నేర్పలేరు. మామ మాత్రం ఇంటికి వచ్చాక గుమ్మడికాయ కొనేటప్పుడు కూడా అలాగే కొట్టేవాడు.

తర్వాత్తర్వాత కాలం మారింది. అడవి తరిగింది, గని లోతు పెరిగింది. ఇప్పుడు పైకప్పులోకి రంధ్రాలు చేసి ఉక్కు బోల్టులు దిగ్గొడతారు. విడివిడి పొరలను ఒక మందపాటి దూలంలా కుట్టేస్తాయవి. నిజం చెప్పాలంటే కర్ర కన్నా ఎంతో మేలు. దారికి అడ్డం రావు, తడికి కుళ్లవు, ఎక్కువ బరువు పడతాయి. ఒక్కటే లోటు, మామ చెప్పిందే. నోరు లేదు. ఆ లోటు ఇంజనీర్లకూ తెలుసు. అందుకే బోల్టుల పక్కన ఓ చిన్న సాధనం వేలాడదీస్తారు. పైన చాలా ఎత్తున కదలని బండలో ఒక తీగను పాతి, కింద దాని చివర రంగు పట్టీలు ఉంచుతారు. పైకప్పు దిగినకొద్దీ పట్టీలు ఒక్కొక్కటే లోపలికి దాక్కుంటాయి. దాని పేరు టెల్‌టేల్. మన మాటల్లో చెప్పాలంటే చాడీలు చెప్పేది. మూగ ఉక్కు పక్కన చాడీకోరును కూచోబెట్టారన్నమాట.

చప్పుడు కాని మాట ఇంకొకటుంది బాయిలో. అది నీరు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గోదావరిఖనిలో ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ మాట ఆగిపోతుంది. నీళ్లు నిలిచిన పాత గని 60 మీటర్ల లోపు ఉన్నప్పుడు ముందుకు సన్నటి బోర్లు వేసుకుంటూ కదలాలన్నది గనుల నిబంధన. నీరు చప్పుడు చేయదు కాబట్టి మనమే వెళ్లి గోడను అడగాలి.

ఇంకో తేమ సంగతి, క్లుప్తంగా. ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు అక్టోబరు నుంచి పత్తి బండ్లు వస్తాయి. తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా శాతానికింత కోత, అది దాటితే పత్తి కార్పొరేషన్ తీసుకోదు. పత్తిపోగు గాలిలో ఉన్న తడిని పీల్చుకునే వస్తువు. సాయంత్రం ఎండబెట్టి నింపిన పత్తి రాత్రంతా మంచులో వరుసలో నిలబడితే తెల్లారి తేమ కొలిచే యంత్రం ఇంకో అంకె చూపిస్తుంది. రైతు దగ్గర ఉన్న యంత్రం పన్ను. గింజ కొరికితే టక్కుమని పగిలితే ఆరినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. నిన్న టక్కుమన్న గింజ ఇవాళ అంకెలో ఓడిపోయిందంటే రైతుకు కోపం రాదా? తప్పు యంత్రానిదీ కాదు, రైతుదీ కాదు, నడుమ గడిచిన రాత్రిది. ఆ రాత్రికి మాత్రం ధర కట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు కడెం దగ్గరికి పోదాం. మూరను గుర్తు పెట్టుకోమన్నాను కదా.

కడెం వాగు మామూలు వాగు కాదు. బోథ్ వైపు గుట్టల్లో పుట్టి, కుంటాల దగ్గర జలపాతమై దూకి, అడవిని చీల్చుకుంటూ గోదావరిలో కలుస్తుంది. ఏటవాలు నేల, గట్టి రాతి గుట్టలు. పైన వాన పడితే కింద ప్రాజెక్టుకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆనకట్ట కట్టుబడి దాదాపు అయిపోతున్న రోజుల్లో, 1958 ఆగస్టులో వరద వచ్చింది. సెకనుకు 14,700 ఘనపు మీటర్లు, మన లెక్కలో 5 లక్షల క్యూసెక్కుల పైమాట. అలల కోసం, అనుకోని ఎత్తు కోసం కట్ట మీద 2.4 మీటర్ల జాగా వదిలారు. ఆ జాగా అంతా నిండి, కట్ట నెత్తి మీద 46 సెంటీమీటర్ల నీరు పారింది. మూరెడు.

రాతికట్టడం మీద మూరెడు నీరు పారితే ఏమీ కాదు, జలపాతమవుతుంది. మట్టికట్ట మీద పారితే కథ వేరు. నీరు అవతలి వాలు మీదుగా దిగుతూ మట్టిని గరిటె గరిటెగా కోస్తుంది. ఆ కోత వెనక్కి పాకుతూ కట్ట శిఖరానికి చేరేదాకా పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు. చేరాక ఇక ఆపేవాడు లేడు. ఎడమవైపు 137 మీటర్ల పొడవున గండి పడింది. కుడివైపు మరో రెండు.

తర్వాత గేట్లు పెంచి కట్టారు. ఇప్పుడు కడెం నారాయణరెడ్డి ప్రాజెక్టుకు 18 గేట్లు. నిండు మట్టం 700 అడుగులు. గేట్లన్నీ ఎత్తితే మూడున్నర లక్షల క్యూసెక్కుల ప్రాంతంలో వదలగలదు. 1958లో వచ్చింది అయిదు లక్షలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసుకుంటే ఎవరికైనా నిద్ర పట్టదు. కాని మధ్యలో అరవై ఏళ్లకు పైగా గడిచాయి. అరవై ఏళ్లు జరగనిది ఇక జరగదనుకోవడం మనిషికి ఎంత తేలికో చెప్పలేను.

2022 జూలై 13 రాత్రి, తెల్లవారితే 14. మళ్లీ 5 లక్షల క్యూసెక్కులు దాటింది. 17 గేట్లు ఎత్తారు, ఒకటి మొరాయించింది. గేట్ల పైనుంచి నీరు పొర్లింది. దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. పిల్లలూ, ముసలివాళ్లూ, మేకలూ, సర్టిఫికెట్ల సంచులూ. ఎడమ కాలువ దగ్గర గండి పడి కొంత వరద ఆ పక్కకు దారి తీసుకుంది. ప్రధాన కట్ట నిలబడింది. నీరు తగ్గాక చూస్తే గేట్ల మీద అడవి నుంచి కొట్టుకొచ్చిన చెట్ల మొద్దులు కట్టెల అడితీలా పేరుకుని ఉన్నాయి. ఇంజనీరు లెక్కలో వరద అంటే నీళ్లు. వాగు లెక్కలో వరద అంటే నీళ్లు, మట్టి, చెట్లు అన్నీ కలిపి.

మరుసటి ఏడే, 2023 జూలై 27న, మళ్లీ అదే పరీక్ష. ఈసారి 14 గేట్లు లేచాయి, నాలుగు లేవలేదు. మళ్లీ గేట్ల మీదుగా నీరు, మళ్లీ ఊళ్లు ఖాళీ. నాకు ఇక్కడ వరద కన్నా ఎక్కువ బాధ కలిగించేది ఆ నాలుగు గేట్లు. వరద ఎంత వస్తుందో మన చేతుల్లో లేదు. గేటు లేస్తుందా లేదా అన్నది మాత్రం ఎండాకాలంలో, జలాశయం అడుగంటినప్పుడు, బేరింగు గ్రీజు దగ్గర తేలిపోయే విషయం. తుప్పు పట్టిన గేటు కిర్రుమంటుంది. ఏప్రిల్‌లో ఆ కిర్రు వినడానికి ఒక మనిషి, రాయడానికి ఒక పుస్తకం, చదవడానికి ఇంకో మనిషి ఉండాలి. అలాంటి ఉద్యోగానికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు. బహుశా అదే దాని ఖర్మ.

ఇంకో పేరు మీ అందరి నోట్లో మెదులుతోందని తెలుసు. మేడిగడ్డ. 2023 అక్టోబరు 21 సాయంత్రం, మహదేవ్‌పూర్ దగ్గర ఆ బ్యారేజీలో పెద్ద చప్పుడు వినిపించింది. ఏడో బ్లాకులో 20వ నంబరు పియరు దగ్గర కట్టడం కుంగింది. దాని మీద చాలామంది చాలా మాట్లాడారు, నేను కొత్తగా కలిపేదేమీ లేదు. ఒక్కటి మాత్రం అంటాను. కింద ఇసుక జారేటప్పుడు చప్పుడు ఉండదు. పైన కాంక్రీటు పలికేసరికి కింద పని అయిపోయి ఉంటుంది. అందరికీ వినపడేంత చప్పుడు అంటే ఆలస్యమైన చప్పుడే.

కదలడాన్ని ముందే ఒప్పుకుని కట్టినదాన్ని గురించి కూడా ఒక మాట చెప్పాలి. రామగుండం ఎన్‌టీపీసీ జలాశయంలో 100 మెగావాట్ల తేలే సౌర విద్యుత్ కేంద్రం ఉంది. 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. 500 ఎకరాల నీటి మీద 40 బ్లాకులు, ఒక్కో బ్లాకులో 11,200 పలకలు. ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీళ్ల మీదే, ఫెర్రో సిమెంటు తెప్పల మీద. మొత్తాన్నీ గట్టి తాళ్లతో జలాశయం అడుగున పెట్టిన సిమెంటు దిమ్మెలకు కట్టారు. నీటి మట్టం పెరుగుతుంది, తగ్గుతుంది, గాలి తోస్తుంది. బండి పట్టాలా బిగించి కడితే మొదటి వానకే తాడు తెగుతుంది. మరీ వదిలేస్తే పలకలన్నీ ఒక మూలకు చేరతాయి. ఎంత వదలాలి, ఎంత బిగించాలి అన్నదే అక్కడి విద్య. కింద నీళ్లుండటం వల్ల పలకలు చల్లగా ఉండి కరెంటు కాస్త ఎక్కువే ఇస్తాయి. రామగుండం ఎండలో అది చిన్న లాభం కాదు. పక్కనే పొగగొట్టాల హోరు. ఒడ్డున నిలబడితే తెప్పల కింద నీళ్లు చప్పరిస్తున్నట్టు మెత్తటి చప్పుడు. నీటి అడుగున తాడు ఏమంటోందో ఒడ్డుకు వినపడదు.

పోయిన ఎండాకాలం మామను చూడటానికి వెళ్లాను. పాత పెంకుటిల్లు, టేకు దూలాలు. రాత్రి ఎనిమిదింటికి అన్నానికి కూచున్నాం. పగలంతా కాగిన ఇల్లు అప్పుడప్పుడే చల్లారుతోంది. పైన దూలం ఒక్కసారి టక్కుమంది. ఎండాకాలం ప్రతి ఇంట్లోనూ వినిపించే చప్పుడే. నేను పట్టించుకోలేదు. మామ చెయ్యి ముద్ద పట్టుకున్నది పట్టుకున్నట్టే కంచంలో ఆగిపోయింది. తల ఎత్తి చూడలేదు, చెవి మాత్రం పైకి పెట్టాడు. బాయి వదిలిపెట్టి పదిహేనేళ్లయింది. గోడ మీద గడియారం వినపడేంత నిశ్శబ్దం. రెండో టక్కు రాలేదు.

"తిను అల్లుడా," అన్నాడు.